వంతెన ఫోటోలో లేని నలుగురు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ల వయసులో, నలుగురు ఆడవాళ్లను ఒక ఫోటోలోంచి చెరిపేశాను. సన్నటి కుంచె పట్టుకుని, నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా చెరిపేశాను. ఆ ఫోటో మొన్న ఆదివారం మళ్లీ కంటబడింది. అప్పట్నుంచీ నా ఒళ్లు మండుతూనే ఉంది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాల్లో పాత బెజవాడ ఫోటోలు పెట్టారని మా మనవరాలు తీసుకెళ్లింది. కాలువ గట్లు, నీళ్ల ట్యాంకులు, రోడ్డు రోలరు వెనక పరిగెత్తే పిల్లలు, పంపు దగ్గర బిందెల వరస. చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయాను. సగం కట్టిన వంతెన, దాని ముందు టోపీ పెట్టుకున్న ఇంజనీరు, పక్కన చేతులు కట్టుకున్న కాంట్రాక్టరు, వెనకంతా తెల్లటి ఆకాశం. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి, ఆ రోజుల్లో మన ఊరు ఎంత శుభ్రంగా ఉండేదో చూడమని భార్యకి చెబుతున్నాడు. ఉండదూ మరి! శుభ్రం చేసింది నేనేగా.

డెబ్బైలలో సంగతి ఇది. మా పల్లెలో బడి ఐదో తరగతితో సరి. అందుకని నన్ను భవానీపురంలో మా మావయ్య ఇంట్లో ఉంచి చదివించారు. ఇంటి ముందుగదే ఆయన స్టూడియో. పెళ్లిళ్ల కంటే సర్కారు పనుల ఫోటోలంటే ఆయనకి మోజు. ఎక్కడ గట్టు పోస్తున్నా, మురుగుకాలువ తవ్వుతున్నా సైకిలుకి కెమెరా పెట్టె కట్టుకుని వెళ్లేవాడు. ఆఫీసువాళ్లు ఆ ఫోటోలు ఆల్బంలో అంటించి పైవాళ్లకి చూపించుకునేవారు. ఫోటో తీసేది మావయ్య, చీకటిగదిలో కడిగి ప్రింట్లు వేసేది మా అత్తయ్య. బోర్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే ఉండేది.

టచింగ్ పని నాకు నేర్పింది అత్తయ్యే. నెగటివ్‌లో అంతా తిరగేసి ఉంటుంది. నల్లనివి తెల్లగా, తెల్లనివి నల్లగా. దాని మీద ఎర్రరంగు పూస్తే ప్రింటులో అక్కడ తెల్లగా వస్తుంది. ఆకాశంలో అడ్డొచ్చే కరెంటు తీగలు, కొమ్మలు అలాగే తీసేసేవాళ్లం. బ్లేడుతో గీకితే పని ఇంకా త్వరగా అవుతుంది కానీ, అత్తయ్య బ్లేడు నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. గీకింది తిరిగి రాదనేది. నా చెయ్యి వణకదని వచ్చినవాళ్లందరి దగ్గరా మావయ్య గొప్పలు చెప్పేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. తండ్రి పోయాక తల్లీ కూతురూ కూలికి వెళ్లి బతికేవారు. చీర మీద నాన్న గళ్లచొక్కా తొడుక్కుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, అక్క వంతెన పనిలో సిమెంటు తట్టలు మోసేది. పనికి బయల్దేరే ముందు రోజూ నాకు రెండు జడలు వేసేది. కళ్లంట నీళ్లొచ్చేట్టు బిగించేది. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు.

శ్లాబు పోసే రోజు పొద్దున్నే మావయ్య వెళ్లి ఫోటో తీసుకొచ్చాడు. ఆ మధ్యాహ్నమే పరంజా చెక్క విరిగి అక్క పైనుంచి పడిపోయింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర నుజ్జయింది. తోటి కూలీలే ఆమెను రిక్షాలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. వారం తిరక్కుండా వాళ్లందరినీ లారీ ఎక్కించి ఎక్కడో వేరే పనికి పంపేశారు. ఆ తర్వాత కాంట్రాక్టరు ఒకటే మాట పట్టుకున్నాడు. ఆ పిల్ల ఆ రోజు పనికే రాలేదట, ఇంట్లో బావి దగ్గర జారిపడి తన మీదికి తోస్తోందట. నోరు ఉందిగా, ఏదైనా అంటుందట.

అక్క పడిన మర్నాడే ఆయన మా స్టూడియోకి వచ్చాడు. కుర్చీలో కాలు మీద కాలేసుకుని టీ తాగాడు. ఫోటోలో ఆ పైన మనుషులు అసహ్యంగా ఉన్నారని, ఆల్బంలోకి నీటుగా కావాలని చెప్పి వెళ్లాడు. మావయ్య నెగటివ్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఎవరేమిటని నేను అడగలేదు. నెగటివ్‌లో మొహాలు బొగ్గుల్లా ఉంటాయి, కన్నతల్లినైనా పోల్చుకోలేం. నలుగురినీ కొమ్మల్ని పూసినట్టే పూసేశాను. నాకు తెలియదు సరే, మావయ్యకి తెలుసు. ఇప్పటికీ నా కోపం అక్కడే ఉంది. తప్పు తెలిసిన చేత్తో చెయ్యకుండా తెలియని చేత్తో చేయించాడు.

పది రోజుల తర్వాత అక్క, వాళ్లమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అక్క చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. సోమవారం పై ఆఫీసరు ఎంక్వైరీకి వస్తాడట. పనిలో ఉన్నట్టు రుజువైతే వైద్యం కాంట్రాక్టరే చేయించాలి, లేకపోతే ఆ చెయ్యి అంతే. ఆ పొద్దున ఫోటో తీస్తుంటే తాను పైనుంచి చూశానని, అందులో తప్పకుండా పడి ఉంటానని అక్క చెప్పింది. మావయ్య ప్రింటు తెచ్చి చేతికిచ్చాడు. అక్క దాన్ని చాలాసేపు చూసింది. ఎడంచేతి వేలు ఆ తెల్లటి చోట పెట్టింది.

"నేనిక్కడే నిలబడ్డానండీ," అంది.

ఫోటోలో లేకపోతే తానేం చేస్తానన్నాడు మావయ్య. వాళ్లమ్మ అక్క భుజం పట్టుకుంది. "పోదాం పదవే. ప్రభువు చూశాడు. కానీ ఆఫీసరు ప్రభువుని సాక్ష్యం పిలవడుగా," అంది.

వాళ్లు వెళ్లగానే నేను చీకటిగదిలోకి పరిగెత్తి, అక్కను నేనే చెరిపేశానని అత్తయ్యతో చెప్పి ఏడ్చాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ముందుగదిలోకి వెళ్లి, మీకు తెలుసా అని మావయ్యను అడిగింది. ఆఫీసు పనులు పోతే ఏం తింటామన్నాడు ఆయన. అత్తయ్య వెనక్కి వచ్చి నెగటివ్ తీసి బల్ల మీద పెట్టింది. నీళ్లలో ముంచిన దూది నా చేతికిచ్చింది.

"పూసింది నువ్వే. తుడిచేదీ నువ్వే."

తుడిచాను. ఎర్రరంగు కరిగి దూదికి అంటుకుంది. బ్లేడు ముట్టుకోనివ్వని అత్తయ్య బుద్ధికి ఆ క్షణాన దణ్ణం పెట్టాలనిపించింది. ప్రింటు వేసి మందునీళ్లలో ఊపుతుంటే, తెల్లకాగితం మీద నెమ్మదిగా నలుగురు లేచారు. మూడో మనిషి ఒంటి మీద గళ్లచొక్కా. తట్ట కింద నుంచి అక్క సూటిగా మా వైపే చూస్తోంది. అత్తయ్య రెండు ప్రింట్లు వేసింది.

సోమవారం మావయ్య వద్దంటున్నా, అత్తయ్య నన్నూ అక్కనీ వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్లింది. అది వేరే రోజు తీసిన ఫోటో అని కాంట్రాక్టరు దబాయించాడు. అత్తయ్య ఆల్బంలో ఫోటో పక్కనే మా ప్రింటు పెట్టింది. అదే టోపీ, అవే కట్టుకున్న చేతులు, అదే నీడ. తర్వాత నన్ను ముందుకి తోసి, ఈ పిల్లే పూసింది అడగండి అంది. నేనే పూశానండీ, అక్కతో కలిపి నలుగుర్ని పూశాను, ఆయనే పూయమన్నారు అని వేలు పెట్టి కాంట్రాక్టర్ని చూపించాను. ఆఫీసరు ఆల్బం దగ్గరికి లాక్కుని రెండు ఫోటోలూ చూశాడు. తర్వాత అక్క పేరు అడిగి రాసుకున్నాడు.

వైద్యం కాంట్రాక్టరే చేయించాల్సి వచ్చింది. అయినా ఆ మోచెయ్యి తిన్నగా కాలేదు. తర్వాత కూడా నాకు జడలు వేసింది అక్క. నేనొక పాయ పట్టుకుంటే ఎడంచేత్తో అల్లేది. ఆ జడలు మధ్యాహ్నానికే వదులయ్యేవి, బళ్లో ఎవరైనా నవ్వితే వాళ్ల మీద పడి కొట్టేదాన్ని. మావయ్యకి సర్కారు పనులు పోయాయి, అందుకు చచ్చేదాకా అత్తయ్యను దెప్పాడు. పోయినవాళ్లను తిట్టకూడదంటారు. నాకా పట్టింపు లేదు.

ఆఫీసు ఆల్బంలో ఫోటోని మాత్రం ఎవరూ మార్చలేదు. దాన్నే ఇప్పుడు తలుపంత చేసి గోడకి వేలాడదీశారు. ఇంజనీరు పేరు రాశారు, కాంట్రాక్టరు పేరు రాశారు. వంతెన మోసిన మనుషుల చోట నా పూత ఉంది. నేను దగ్గరికి వెళ్లి, ఒకప్పుడు అక్క పెట్టినచోటే వేలు పెట్టాను. కాపలా కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకూడదండీ, మామ్మగారూ."

"మొదట ముట్టుకుంది నేనే నాయనా," అన్నాను.

అత్తయ్య వేసిన రెండో ప్రింటు నా దగ్గరే ఉంది. యాభై ఏళ్లుగా ఏ ఇంటికి మారినా బట్టల పెట్టెలో అడుగున పెట్టుకుని మోస్తున్నాను. పొద్దున దాన్ని తీసి సంచిలో పెట్టుకున్నాను. మనవరాలు ఆటో పిలుస్తోంది. ఆ గోడ మీద దాని పక్కన ఇది కూడా పెడతారా, పెట్టరా అని వాళ్లను అడగబోవడం లేదు. మేకు కూడా నేనే తీసుకెళ్తున్నాను.