నేను చదవకుండా తిప్పేసిన పేజీ

తొమ్మిదేళ్లుగా ఒక పేజీ నన్ను నిద్రపోనివ్వడం లేదు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఆ ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఎందుకు ఆగుతాను?

బర్మాలో, మనవాళ్లు రంగూన్ అనే యాంగన్‌లో, చిమిండైంగ్ పేటలో సింహాచలం మావ కార్ల రిపేరు షెడ్డులో పని నేర్చుకున్నాను. సొంత మేనమామ కాదు, గురువు. మావకు చదువు రాదు. వెల్డింగ్‌లో మాత్రం యాంగన్ మొత్తం మీద ఆయనకు సాటి లేరు.

ఒకరోజు ఊ తెయిన్ అనే బర్మా పెద్దాయన పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బాగుచేయమని తెచ్చారు. రెండు సీట్లు, ఫైబర్ బాడీ. ఇంగ్లండులో ఏదో చిన్న కంపెనీ తయారు చేసింది. ఆ కంపెనీ మోడళ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎలా మారాయో చెప్పే పుస్తకం కూడా ఇచ్చారు. ఆయనది మొదటి మోడల్. పుస్తకం చదివి తెలుగులో చెప్పడం నా వంతు. నాకు ఇంగ్లీషు గడగడా వచ్చని మావ అప్పటికే ఆయన దగ్గర గొప్పలు చెప్పేశాడు.

రెండో మోడల్ పేజీ దగ్గర నా నోరు ఆగింది. అన్నీ పెద్ద పెద్ద మాటలు. పక్కనే ఊ తెయిన్, ఇంగ్లీషు బాగా వచ్చినవారు. కానీ పేజీలో బొమ్మ ఉంది. మొదటి మోడల్‌లో వెనక చక్రాల దగ్గర బండి బరువు మోసే ఇనుప గొట్టం చీలుతోందని, అందుకే రెండో దాంట్లో అక్కడ ఇనుప ప్లేటు వేశారని ఆ బొమ్మే చెబుతోంది. నాకు అర్థం కాలేదని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. అర్థమైంది. చదవబోయి తడబడితే పరువు పోతుందని పేజీ తిప్పేశాను.

"ఎనకాల గొట్టం మరీ సన్నంగా ఉందిరా. దీని గురించి ఏటైనా రాసినాడేటి?" అని మావ అడిగాడు.

"ఏటీ నేదు మావా."

"సరిగ్గా సూడు. మనిసి కూకునే బండి."

"సూసాను. ఏటీ నేదు."

ప్లేటు వేయకుండానే మావ ఆ గొట్టం అతుకులు వెల్డింగ్ చేసి కారు ఇచ్చేశాడు. మూడు నెలలకు అది గోడకు గుద్దుకుంది. కాలు విరిగిన ఊ తెయిన్ ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తారు. కారును షెడ్డుకు ఈడ్చుకొచ్చాక మావ దాని కింద దూరాడు. అప్పటికే ఆయన చూపు మసక. తన వెల్డింగే విడిపోయిందనుకుని ఆసుపత్రిలో ఊ తెయిన్ ముందు చేతులు జోడించి ఏడ్చాడు. కారు కింద లైటు పట్టుకున్నది నేనే. వెల్డింగ్ చెక్కుచెదరలేదు. దాని పక్కన గొట్టం చీలింది, సరిగ్గా బొమ్మలో చూపించిన చోట. చూశాను. లైటు పక్కకు తిప్పేశాను. భయమా? భయమే. కానీ ఆ మర్నాడైనా ఎందుకు చెప్పలేదు? ఆ మరుసటి ఏడు?

మావ మళ్లీ వెల్డింగ్ ముట్టుకోలేదు. షెడ్డు నాకిచ్చి నది అవతల దలాలో కూతురింటికి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఏ బండి కింద దూరినా ముందు అతుకు పక్కనే చూస్తాను.

నిన్న పడవెక్కి దలా వెళ్లాను. అంతా చెప్పేశాను. మావ తిట్టలేదు. "అయితే నా వెల్డింగ్ ఇడిపోనేదా?" అని రెండుసార్లు అడిగాడు. లేదన్నాను. ఆయన మొహం ఒక్క క్షణం వెలిగింది. నాకూ ఊపిరి ఆడింది. చెప్పేశానన్న తెరిపి, అంతే.

ఆ తర్వాత ఆయన నా వైపు చూడలేదు. కూతుర్ని పిలిచి, తనను ఊ తెయిన్ ఇంటికి తీసుకెళ్లమన్నాడు. నన్ను రమ్మనలేదు.