పేరు చాలమ్మా

ఈ సంగతి నేను ఇంతకు ముందే రాయవలసింది. చిన్నప్పుడు రాయలేకపోవడానికి పెద్ద కథేమీ లేదు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మా అమ్మ కాయలు కోస్తుంటే, నేను చెల్లెళ్ళను చంకనేసుకుని గేటు బయట కూర్చునేదాన్ని. కాస్త పొడుగయ్యాక నేనూ లోపలికి వెళ్ళి కత్తి పట్టాను. యాభై దాటాక రాయడం వచ్చింది. వచ్చాక కూడా నాలుగేళ్ళపాటు ఏమీ రాయలేదు. రాయడం రానట్టు ఉండడం నా ఉద్యోగంలో ఒక భాగమైపోయింది.

తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను ఆయమ్మను. కింద బట్టల షాపు, పైన రెండంతస్తులు మా కాలేజీ. రక్తం, మూత్రం పరీక్ష చేసే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు అక్కడ చెబుతారు. చదివితే ఏదో ఒక ఆసుపత్రిలో వెంటనే ఉద్యోగం దొరుకుతుందని పెద్దవాళ్ళు పిల్లల్ని తెచ్చి చేరుస్తారు. చాలామంది పిల్లలకు తాము ఏం చదవబోతున్నారో చేరిన రోజే తెలుస్తుంది. అందుకే క్లాసులో వాళ్ళ చూపు కిటికీ మీదే ఉంటుంది.

నేను అక్షరాలు నేర్చుకున్నది కూడా అక్కడే. సాయంత్రం బోర్డు తుడవడం నా పని. తుడిచే ముందు, పాఠం చెప్పే సార్ రాసిన తెలుగు మాటల మీద సుద్దముక్క పెట్టి దిద్దేదాన్ని. అప్పట్లో ల్యాబ్‌లో పనిచేసిన ఒక మేడమ్ అది చూసి, పలక కొనిచ్చి, మధ్యాహ్నం అన్నాలయ్యాక గుణింతాలు రాయించింది. మొదట నేర్చుకున్న మాట నా పేరు. అందులో రెండు ఒత్తులున్నాయి. వాటితో నెల రోజులు కొట్లాడాను.

ఆ సంవత్సరమే సార్ నన్ను మొదటిసారి క్లాసులోకి పిలిచారు. ఆయన చెడ్డ మనిషి కాదు. పిల్లలు చదవకపోతే నిజంగా బాధపడేవారు. నాకు జ్వరం వచ్చినప్పుడు మాత్రలు కొని ఇంటికి తెచ్చిచ్చిన మనిషి. కొత్తగా చేరిన పిల్లల ముందు నన్ను నిలబెట్టి, "ఈ అమ్మకు ఈ వయసులో చదువు మీద ఎంత ఆశో చూడండి" అన్నారు. నేను వణికే చేత్తో పేరు రాశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. సార్ కళ్ళు కూడా తడిశాయి. ఆ వారమంతా క్లాసు నిండుగా ఉందని తర్వాత ఆయనే చెప్పారు.

మరుసటి ఏడు మళ్ళీ పిలిచారు. అప్పటికి నాకు పేపరు చదవడం వచ్చేసింది. పేరు రాసి, దాని కింద "బాగా చదువుకోండి బిడ్డలారా" అని రాశాను. చప్పట్లు పడ్డాయి గాని పలుచగా పడ్డాయి. క్లాసయ్యాక సార్ వరండాలో నన్ను ఆపి మెల్లగా అన్నారు.

"పేరు చాలమ్మా. ఎక్కువ రాస్తే వాళ్ళకు ఆ కష్టం కనపడదు."

సరే సార్ అన్నాను. ఆ ఒక్క మాటతో ఇరుక్కుపోయాను. మూడో ఏడు పేరు మాత్రమే రాశాను. నాలుగో ఏటికి చెయ్యి వణకడం మానేసింది కాబట్టి నేనే వణికించాను. ఆ వణుకు బోర్డు దగ్గరితో పోలేదు. పిల్లలు పక్కనుంటే బస్టాండులో 'చిత్తూరు' అని అంత పెద్ద అక్షరాలతో రాసివున్న బస్సు ముందు నిలబడి, "అప్పా, ఇది యాడికి పోతాది?" అని కండక్టరును అడిగేదాన్ని. ల్యాబ్‌లో సీసాల జాబితా రాసే పనికి మనిషి కావాలన్నప్పుడు, నేను రాస్తానన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాకు రాదని సార్ అందరికీ చెప్పి ఉన్నారు. ఆ పని కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చారు. నేను ఆమె రాసిన జాబితాలో తప్పులు చూస్తూ నేల తుడిచాను.

ఇంకో సంగతి కూడా నాకు కనబడేది. నన్ను చూసి పిల్లలు మారింది మొదటి ఏడు ఒక వారమే. మిగతా ఏళ్ళలో చప్పట్లు కొట్టి మళ్ళీ కిటికీ వైపు తిరిగేవాళ్ళు. వాళ్ళు నిజంగా మేలుకునే రోజు ఇంకొకటుంది. ల్యాబ్‌లో వేలు గుచ్చుకుని, తమ రక్తం ఏ గ్రూపో తామే కనుక్కునే రోజు. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవరు. కానీ ఆ రోజు చాలా ఆలస్యంగా, కోర్సు సగం గడిచాక వచ్చేది. అంతవరకూ నోట్సు, హాజరు, నేను.

ఈ ఏడు కొత్త పిల్లలు చేరినప్పుడు కూడా సార్ పిలిచారు. నేను వెళ్ళి వణుకుతూ పేరు రాశాను. చప్పట్లు పడుతుండగా మూడో బెంచీలో ఒక అమ్మాయి చేతులు కట్టుకుని కూర్చుంది. వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల.

"ఏమ్మా, నీకు నచ్చలేదా?" అన్నారు సార్.

"ఆమెకు రాసేది బాగా వచ్చు సార్."

"అంటే?"

"కొత్తగా నేర్చినోళ్ళు ఒత్తు కాడ నిలబడిపోతారు సార్. ఈమె తలకట్టు కాడ వణికి, ఒత్తులు మాత్రం గబగబా ఏసేసింది. మా అవ్వకు నేనే నేర్పిస్తా ఉండా. నాకు తెల్దా?"

వెనక నుంచి ఒకడు, "ఏమ్మే, పోలీసా నువ్వు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ ముఖం ఎర్రబడింది.

"మీ మంచి కోసం వచ్చి నిలబడిన పెద్దామెను దొంగంటావా?" అని, నా వైపు తిరిగారు. "చెప్పండమ్మా. మీకు పేరు తప్ప ఇంకేమన్నా రాయడం వచ్చా?"

క్లాసు మొత్తం నన్నే చూస్తోంది.

"రాదు సార్" అన్నాను.

"రేపు మీ నాయనను పిల్చుకుని రా. లేకుంటే క్లాసుకు రావద్దు" అని సార్ ఆ పిల్లను బయటికి పంపించేశారు.

నేను బకెట్టు తీసుకుని వరండాలోకి వెళ్ళేసరికి ఆమె నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"రాదా పెద్దమ్మా?" అంది.

నేను గుడ్డ పిండుతూ ఉండిపోయాను.

"నేను చేరిన దినం నువ్వు నోటీసు సదవతా ఉంటివి. పెదాలు గూడా కదపలా. మా అవ్వ అట్ల సదవాలంటే ఇంకా ఏడాది పట్టాది."

"ఊరికే రెండు చప్పట్లు కొట్టుంటే పోయుండు గదా పాపా. నోరెందుకు తెరిస్తివి?"

"కొట్టుందును. అయితే 'ఈమెకే వచ్చింది, మీకేం రోగం' అన్న్యాడు గదా సారు. మా అవ్వ మూణ్ణెల్లుగా ఒక ఒత్తు కాడే ఉండాది. ఆమెది నిజం వణుకు."

గుడ్డను బకెట్టు అంచున వేశాను. "మీ నాయన ఏమంటాడు?" అన్నాను.

"ఏమంటాడు, సదివింది సాలు పా అంటాడు. ఎప్పుడు సిక్కుతానా అని కాసుకోని ఉండాడు. కోళ్ళ ఫారంలో గుడ్లు ఏరే పనికి తోలతాడు."

"ఈ సదువంటే నీకు అంత ఇష్టమా?"

"తెల్దు పెద్దమ్మా. ఇంకా ఏమీ సూడనే లేదే! సూసేంత వరకన్నా ఉండనీరా?"

ఆ సాయంత్రం ఇంటికి ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. నిజం చెబితే ఇన్నేళ్ళుగా నన్ను చూసిన పిల్లలందరి ముందు సార్ అబద్ధాలకోరు అవుతారు. ఆయన నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పమనలేదు, పేరు చాలన్నారు అంతే. మిగతాది నేను కలుపుకున్నది. చెప్పకపోతే ఆ పిల్ల గుడ్లు ఏరుతుంది. ఈ వయసులో నాకు ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? నాది మూసిన గది, అందులోంచి బయటికి రావాలంటే ఎవరో ఒకరిని తొక్కుకుంటూ రావాలి. అన్నం వండి, తినకుండా మూతపెట్టాను.

మరునాడు పొద్దున తొమ్మిదికే తండ్రీ కూతుళ్ళు వచ్చారు. ఆయన చెప్పులు మెట్ల దగ్గరే వదిలేసి, తువ్వాలు చేతిలో పట్టుకుని సార్ బల్ల ముందు నిలబడ్డాడు. నేను కిటికీలు తుడుస్తున్నాను. తల్లిదండ్రులను పిలిపిస్తే, ఎందుకు వచ్చారో వాళ్ళే ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. అది కాలేజీ పద్ధతి. సార్ ఆ పుస్తకం ముందుకు జరిపి, "పెద్దలను అవమానించినందుకు పిలిపించారు, అని రాయండి" అన్నారు.

"నాకు రాసేది రాదు సార్. ఏలిముద్ర ఏస్తా. ఇంగ ఈ బిడ్డను సదివించేది గూడా లేదు, పిల్చుకోని పోతా."

"నేను రాస్తాను సార్" అన్నాను.

సార్ తలెత్తి చూశారు. నేను తడి చేతులు చీరకు తుడుచుకుని, వచ్చి, ఆయన చేతిలోని పెన్ను తీసుకున్నాను. ఆగకుండా రాశాను. రెండు వరుసలు నిండి మూడో వరుసలోకి వచ్చింది.

"ఏమి రాస్తివమ్మా? సదివి సెప్పు" అన్నాడు ఆ తండ్రి.

సార్ ముఖం చూడకుండా చదివాను. "ఈ పాప ఎవరినీ అవమానించలేదు. నాకు రాయడం వచ్చునని ఉన్న మాట చెప్పింది. నేనే క్లాసులో రాదని అబద్ధం చెప్పాను. కాబట్టి ఈ పాపను క్లాసుకు పంపవలెను."

"అయితే మా బిడ్డది తప్పు లేదు గదా సార్?" అన్నాడాయన.

సార్ ఆ పేజీ వైపు చాలాసేపు చూశారు. తర్వాత తల ఎత్తకుండానే, "నువ్వు క్లాసుకు పోమ్మా" అన్నారు, ఆ పిల్లతో. పెన్ను కోసం నా వైపు చెయ్యి చాపారు. నేను కింద సంతకం పెట్టి, పెన్ను మూతపెట్టి ఇచ్చి, ఆ తండ్రికి మెట్ల దాకా దారి చూపించాను.