మరిగే వాగులో మస్తాన్

దెయ్యాలూ గియ్యాలూ అంటే పగలబడి నవ్వే మనిషిని నేను. మా ఇంట్లో ఎవరన్నా తాయెత్తు కట్టించుకుంటే ఎగతాళి చేసేవాణ్ణి. అందుకే ఇది చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే.

అప్పుడు నేను సౌదీలోని రాబిగ్‌లో నీళ్ళ ట్యాంకర్ నడుపుతాంటి. నా తమ్ముడు మస్తాన్ కువైట్‌లో డ్రైవరు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పటి నుంచి వాని జాడ లేదు. రాయచోటిలో వాని పెండ్లాం హుసేన్‌బీ. పెండ్లయి ఏడాదే.

యుద్ధం ఆగినాక, మా యజమాని కఫీల్ దగ్గర ప్రయాణం కాయితం రాయించుకోని, రూమ్మేట్లతో లీత్ కొండల్లో వేడినీళ్ళ వాగుకు పోయినా. నీళ్ళు భూమిలోంచే మరుగుతా వస్తాయి. మోకాళ్ళ నొప్పులోళ్ళు దిగువన, కొంచెం చల్లారిన చోట మునుగుతారు. ఊట దగ్గర ఒక బంగ్లాదేశీ ఆయన కోడిగుడ్లు మూటగట్టి ముంచితే ఉడికిపోయినాయి.

ఆ ఊటలోనే, పట్టపగలు, మస్తాన్ కూర్చోనుండాడు. మోకాళ్ళ దాకా నీళ్ళు. నేను కుట్టించిన గళ్ళ చొక్కానే.

"చలి, అన్నా" అన్నాడు. అంతే.

ఉరికినా. జారి పడి లేచేసరికి లేడు. నా పాదాలు రెండూ బొబ్బలెక్కినాయి. నువ్వొక్కడివే దూకితివి, ఇంకెవరూ లేరన్నారు రూమ్మేట్లు.

దొంగగా సరిహద్దు దాటొచ్చి, ఈడ ఉండేదానికి ఇఖామా కాయితం లేక దాక్కుంటాండాడు అనుకున్నా. మరిగే నీళ్ళలో ఎట్ల కూర్చున్నాడని ఆలోచించలా. ఆశ అట్లాంటిది.

అప్పట్లో మాకు ఉత్తరాలకంటే క్యాసెట్లే. కాళ్ళకు కట్లతోనే మాటలు రికార్డు చేసి, ఊరికి పోయేవాని చేత హుసేన్‌బీకి పంపినా. "మస్తాన్ బతికే ఉండాడు, నా కండ్లతో చూసినా" అని ఒట్టేసి చెప్పినా. థూ, నా నోరు పడిపోను!

నాలుగు నెలలకు, కువైట్‌లో మస్తాన్‌తో ఉన్నాయన నన్ను వెతుక్కుంటా వచ్చినాడు. పారిపోయేటప్పుడు దారిలో మస్తాన్‌ జ్వరమొచ్చి పోయినాడంట. ఎన్ని దుప్పట్లు కప్పినా చలి చలి అన్నాడంట. ఈయనే మట్టి చేసినాడు. లెక్కేస్తే, నేను చూసేటప్పటికి వాడు పోయి ఏడు నెలలు.

ఊరికి పోయి హుసేన్‌బీకి అంతా చెప్పినా. ఏడుస్తా కాళ్ళ మచ్చలు చూపించినా. ఆమె మొగుడు పోయినోళ్ళు కూర్చునే ఇద్దత్ కూర్చోలా. నల్లపూసలు తీయలా. వాళ్ళన్నలు ఇంకో సంబంధం తెస్తే తలుపేసుకునింది. ఆ క్యాసెట్టు మాటే పట్టుకోని బతికింది. ఇప్పుడు తల నెరిసిపోయింది.

"వాడు పోయినాడమ్మా, నన్ను నమ్ము" అని మొన్న కూడా చేతులు జోడించినా.

"పోయుంటే, నాకు కనపడకుండా నీకెందుకు కనపడతాడు బావా?" అనింది.

ఇన్నేండ్లుగా నన్ను నేను అడుక్కుంటాండేదీ అదే.