పాత బండలకు రోజు కూలి

మా ఊరు గండికోట జలాశయం నీళ్ళలో మునిగిపోయే ముందు ఇంట్లోంచి మేం ఊడదీసి తెచ్చుకున్నవి మూడు: తలుపులు, దూలాలు, నేలకు పరిచిన నల్ల బండలు. తలుపులు కొత్త ఇంటికి పొట్టివైపోయాయి. దూలాలు చెదలు పట్టి పొయ్యిలోకి పోయాయి. మిగిలినవి బండలు. జమ్మలమడుగు శివార్లలో మేం కొన్న స్థలంలో ప్రహరీ గోడకు ఆనించి రెండు ట్రాక్టర్ల బండలు పెట్టుకున్నాం. ఇంటికి గోడలు లేచాయి, పైన స్లాబు పడింది, పరిహారంగా వచ్చిన డబ్బు అడుగంటింది. ఇక నేల ఒక్కటే బాకీ. ఆ నేల మా ఊరి బండలతోనే పరవాలని నా పట్టుదల. ఒక్కటి పగిలినా వెళ్ళి తెచ్చుకోవడానికి ఊరు లేదు.

మా ఆయనకు ఈ గోల పట్టదు. "టైల్సు ఏయించుకుంటే నాలుగు దినాల్లో అయిపోతాది గదా" అన్నాడు. నేను మాట్లాడకపోతే దాని అర్థమేమిటో ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనిషి కాబట్టి ఆయన మళ్ళీ టైల్సు ఊసెత్తలేదు.

ఖర్చు అంచనా నేనే వేశాను. నోటుబుక్కు చివరి పేజీలో 'బండలు' అని రాసి ఎదురుగా సున్నా పెట్టాను. మన బండలే కదా, ఖర్చేముంది? ఆ సున్నాను చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఇక పరిచే కూలి తేలాలి. ప్రొద్దుటూరులో సిమెంటు కొనడానికి వెళ్ళినప్పుడు అక్కడి మేస్త్రీ ఒకాయన అడుగుకు ముప్పై అన్నాడు. పులివెందుల నుంచి మా ఆడబిడ్డ పంపిన మేస్త్రీ ఇరవై రెండుకే చేస్తానన్నాడు. మూడో ఆయన జమ్మలమడుగులోనే ఉండే ముసలి సాయిబు, తాపీ పట్టి బేల్దారి పనిలో తల నెరిసినవాడు. ఆయన వచ్చి ప్రతి బండనూ వెనక్కి తిప్పి చూశాడు. అడుగున అంటుకున్న పాత సున్నాన్ని గోటితో గీకాడు. గంటసేపు ఇదే పని. ఆఖరుకు రేటు చెప్పకుండా బీడీ ముట్టించాడు.

"అడుగుకెంత మామా?" అన్నాను.

"అడుగు లెక్కన నేను చెయ్యనమ్మా. ఒగ బండ రొండంగుళాల మందముండాది, ఇంగొగటి అంగుళం గూడా లేదు. దేని కింద ఎంత సిమెంటు మాలెయ్యల్లో చూసుకుంటా పోవల్ల. అడుగు లెక్క కట్టుకుంటే చెయ్యి తొందరపడతాది. రోజు కూలికైతే వస్తా. నేను, మా తమ్ముడు, మాలు కలిపేదానికి మా ఇంటామె. పన్నెండు దినాలు."

రోజు కూలి అనగానే నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కట్టినవాళ్ళందరూ నాకు నూరిపోసిన మాట ఒకటే, రోజు కూలికి పెట్టుకుంటే టీలతోనే పొద్దు గడుపుతారని. నా నోరు అసలే మంచిది కాదు. "పన్నెండు దినాలని చెప్పి నెల తిని పోయేటోళ్ళను శానా మందిని చూసినాం మామా" అనేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. "సరేమ్మా" అని బీడీ ఆర్పేశాడు. తాను తిప్పిన బండలన్నీ మళ్ళీ జాగ్రత్తగా గోడకు ఆనించి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇరవై రెండు రూపాయల మేస్త్రీ సోమవారం పని మొదలుపెట్టాడు. హుషారైన మనిషి. ఆయన్ను తప్పుపట్టడానికీ లేదు. ఎన్ని అడుగులు పరిస్తే అంత డబ్బు కాబట్టి పరుగు మీద పరిచాడు. సున్నం గీకకుండానే బండను మాలు మీద పెట్టి సుత్తితో దించాడు. పట్టని చోట మిషనుతో అంచు కోశాడు. మధ్యాహ్నం టీ తీసుకుని వెళ్ళేసరికి ముందు గది మూలన ముక్కలు కుప్పగా ఉన్నాయి. లెక్కపెడితే ఏడు బండలు.

"పాత బండలు గదక్కా, పగుల్తాయి. క్వారీ నుంచి కొత్తవి తెప్పిద్దాంలే" అన్నాడు.

టీ చెంబు పక్కన పెట్టి ఆ కుప్ప ముందు కూర్చుని ఏడ్చాను. పనివాళ్ళ ముందు ఏడవడం నా జన్మలో అదే మొదలు. మా ఆయన వచ్చి చూశాడు. ఆ మేస్త్రీకి చేసిన పనికి కూలి ఇచ్చి పంపించి, నా దగ్గరికొచ్చాడు.

"పోయి ఆ ముసిలాయన్ను పిల్చకరాపో."

"నేను ఆయన్ను మాటలన్నా."

"అన్న్యావు గాబట్టే నువ్వు పోవల్ల."

వెళ్ళాను. ఆయన వాకిట్లో సైకిలు చైనుకు నూనె వేసుకుంటున్నాడు. దారి పొడవునా ఏమేమో కూడబలుక్కున్నాను గానీ తీరా ఆయన ముందు నిలబడితే "మామా, ఏడు పగిలినాయి" అన్నది తప్ప ఇంకో ముక్క రాలేదు. తప్పయిందని చెప్పడం నాకు మొదటి నుంచీ చేతకాదు.

"ముక్కలు పారేసినారా?" అని అడిగాడు.

"లేదు."

"పారెయ్యాకండి. గోడల పక్కన అంచుకు పనికొస్తాయి. పొద్దున్నే వస్తాం పోమ్మా."

అంతకుమించి నా మాటల సంగతి ఆ రోజు ఆయన ఎత్తలేదు.

చెప్పినట్టే తెల్లారేసరికి ముగ్గురూ వచ్చారు. కానీ రెండు రోజులు ఒక్క బండా పరచలేదు. ముందు మేస్త్రీ పరిచినవాటిని మెల్లగా లేపారు, కూర్చుని సున్నం గీకారు. తర్వాత బండలన్నీ వాకిట్లో వెల్లకిలా పరిచి నీళ్ళు చల్లారు. ముగ్గురికి రెండు రోజుల కూలి గాలికి పోయిందని లెక్కేసుకున్నాను. ఇక ఉండబట్టలేక "ఇంగ పరిచేదెప్పుడు మామా?" అన్నాను.

"ఇట్ల రామ్మా" అని పిలిచాడు. తడి బండల మధ్య వంగి ఒక్కొక్కటే చూపించాడు. "ఇది పొయ్యి కాడిది, నూనె తాగింది. ఇవి నాలుగూ నడవవి, మద్దెన అరిగినాయి. ఇది గడప కాడిది. యాడివి ఆడ ఏస్తే కాలికి తగలవు. కలిపేస్తే ఎగుడుదిగుడయితాది. మీ పొయ్యికి ఎడం పక్కన వాకిలి ఉండె గదా?"

ఉండేది. మా ఊరి ముఖం ఎరగని మనిషి, నేను ముప్పై ఏళ్ళు వండిన వంటింటిని నా ముందు పరిచి చూపిస్తున్నాడు.

ఒక బండను మాత్రం వేరుగా పెట్టాడు. "ఇది నడిచిన అరుగుదల గాదమ్మా. దీని మింద ఎవురో శానా ఏండ్లు కూచున్నారు."

మా అత్త. వంటింటి వాకిలికి ఎదురుగా ఆ బండ మీద కూర్చుని, శెనక్కాయలు ఒలుస్తూ, ఆమె నన్ను తిట్టని రోజు లేదు. "ఏందే, నీళ్ళు పొయ్యి మింద పెట్టి యాడికి పోయినావు?" అనే ఆ గొంతు నాకిప్పటికీ చెవిలో ఉంది. ఊరు ఖాళీ కాకముందే ఆమె పోయింది. అప్పుడు నాకు పెద్దగా ఏడుపు రాలేదు. ఇప్పుడు ఆ తడి బండ మీద చెయ్యి పెట్టి, పగిలిన ఏడింటిలో ఇది లేనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

పని పద్నాలుగు రోజులు పట్టింది. అన్ని రోజులూ మధ్యాహ్నం ముగ్గురికీ నేనే రాగి సంగటి వండి పెట్టాను. ఆఖరి రోజు ఆయన పన్నెండు రోజులకే కూలి తీసుకున్నాడు. "మొదటి రొండు దినాలు పని గాదమ్మా, చూసుకున్నేది. చూసినేదానికి కూలేంది?" అన్నాడు. నేను ఊరుకోలేదు, తమ్ముడికీ ఇంటామెకూ ఆ రెండు రోజులది చేతుల్లో పెట్టాను. తనది మాత్రం ఆయన ముట్టుకోలేదు. "నెల తింటారంటివే. మీ సంగటికైతే ఉండేవాణ్ణే" అని నవ్వాడు. సిగ్గుతో నేనూ నవ్వాను. ఆయన చల్లగా ఉండాలి. ఇప్పుడు కళ్ళు మూసుకుని నడిచినా మా ఇంట్లో ఏ బండా కాలికి తగలదు.

అత్త బండను వంటింటి వాకిలికి ఎదురుగానే వేయించాను. శెనక్కాయలు ఒలవాలంటే ఇప్పుడు నేను దాని మీదే కూర్చుంటాను. ఒక సాయంత్రం అట్లా కూర్చుని ఉండగా, మా ఆయన టీ కోసం నీళ్ళు పెట్టి పెరట్లోకి పోయాడు. నీళ్ళు మరిగి పొంగుతున్నాయి. "ఏంది, నీళ్ళు పొయ్యి మింద పెట్టి యాడికి పోయినావు?" అని అరిచాను.

ఆయన గబగబా వచ్చి స్టవ్వు ఆపాడు. వంటింటి వాకిట్లో నిలబడి నన్ను చూశాడు, నా కింద ఉన్న బండను చూశాడు. టైల్సు వేయిద్దామన్న ఆ మనిషి నా పక్కన నేల మీద చతికిలబడి, చాటలోంచి పిడికెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు.