సీలు విప్పని శిక్షణ బొమ్మ

ఈ విషయం నేను నోటితో చెప్పి చూశాను. ఫలితం లేకపోయింది. జనం నా మాట కంటే నా సంతకం ఉన్న పాత కాగితాన్నే నమ్ముతున్నారు. కనుక ఆ కాగితాన్ని ఖండిస్తూ మరొక కాగితం నేనే రాయవలసి వచ్చింది. ఒక అమ్మాయి తాను చేయని తప్పుకు ఇంట్లో మాట పడుతున్నది. ఆ తప్పు నాది.

దయ్యాలను, గాలి చేష్టలను నేను ఎన్నడూ నమ్మలేదు. ముప్పై ఏళ్లకు పైగా వ్యాయామ విద్య బోధించి, భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పదవీ విరమణ చేశాను. శరీరానికి సంబంధించినది ఏదైనా కొలవవచ్చుననీ, కొలతకు అందనిది పుకారు మాత్రమేననీ విద్యార్థులకు చెప్పేవాణ్ణి. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. అయితే ఇక్కడ రాయబోయేది ఆ అభిప్రాయానికి లొంగడం లేదు.

మా కళాశాలలో రెండో సంవత్సరం వారందరికీ ఆరోగ్యం, ప్రథమ చికిత్స, వ్యాయామ విద్య కలిపి ఒక కోర్సు ఉండేది. దాని కోసం ఒక శిక్షణ బొమ్మ వచ్చింది. నడుము వరకే ఉండే రబ్బరు మనిషి. గుండె ఆగినవారి ఛాతీని ఎలా నొక్కాలో దాని మీద నేర్పాలి. ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కితే లోపలి స్ప్రింగు టిక్కుమంటుంది. తక్కువ నొక్కితే శబ్దం రాదు. ముప్పైసార్లు నొక్కాలి, రెండుసార్లు ఊపిరి ఊదాలి, మళ్లీ ముప్పై. పద్ధతి అంతే.

పెట్టె విప్పిన రోజు అటెండరు యాకూబ్ ముందు నేను ఒక్కసారి నొక్కాను. స్పష్టంగా టిక్కుమంది. వెంటనే దాన్ని దాని ప్లాస్టిక్ కవరులోనే తిరిగి పెట్టి, మూతి మీద కాగితం పట్టీ అంటించి, పట్టీకీ కవరుకూ కలిసేలా సంతకం చేసి, స్టోరు గదిలోని ఇనుప బీరువాలో ఉంచి తాళం వేశాను. తాళం చెవి ఒక్కటే. అది నా చొక్కా జేబులో ఉండేది.

కారణం తనిఖీ కమిటీ. అంతకు ముందు వచ్చినవారు మా చిరిగిన జిమ్నాస్టిక్స్ చాపలు చూసి, పరికరాల సంరక్షణ లేదని రాసి వెళ్లారు. ఆ వాక్యం నన్ను ఏళ్ల తరబడి బాధించింది. ఈసారి కమిటీ వచ్చేదాకా బొమ్మ కొత్తగానే ఉండాలని నిశ్చయించుకున్నాను.

కోర్సు మాత్రం ఆపలేదు. బోర్డు మీద బొమ్మ గీశాను. విద్యార్థులు రికార్డు పుస్తకాల్లో గీసి, రంగులు వేసి, లోతు, లెక్క రాశారు. నేను సంతకాలు చేశాను. బీరువాలోని బొమ్మకు వాళ్లు ఇల్లరికం అల్లుడని పేరు పెట్టారు. యాకూబ్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు.

"గీ బొమ్మకున్న బందోబస్తు కలెక్టరు గారికి గూడ లేదు సార్."

నేను నవ్వలేదు. వస్తువును జాగ్రత్త చేయడంలో నవ్వవలసినది నాకు కనిపించలేదు.

ఆ తరగతిలో మంజుల అనే అమ్మాయి ఉండేది. రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక తండా వాళ్లది. తండ్రి సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ, గుండెకు మందులు వాడుతున్నాడు. ఆ సంవత్సరం మొత్తంలో బొమ్మను ముట్టుకోనివ్వమని అడిగింది ఆమె ఒక్కతే. మూడుసార్లు అడిగింది. మూడోసారి నా గది గుమ్మం దగ్గర నిలబడి చెప్పిన మాట నాకు గుర్తుంది.

"ఒక్కసారి నొక్కి సూస్త సార్. ఎంత బలం పెట్టాల్నో తెలుస్తది. మా నాయినకు గుండె బాగుంటలేదు."

కమిటీ వచ్చి వెళ్లాక అందరితో పాటు నీకూ అవకాశం వస్తుందన్నాను. ఒకరికి మినహాయింపు ఇస్తే క్రమం చెడుతుందని కూడా అన్నాను. ఆమె రికార్డు తరగతిలోకెల్లా శుభ్రమైనది. పూర్తి మార్కులు వేశాను.

కమిటీ రావడానికి కొన్ని వారాల ముందు, ఒక ఆదివారం ఉదయం ఆమె తండ్రి ఇంటి వాకిట్లో టీ తాగుతూ పడిపోయాడు. ఆమే కింద పడుకోబెట్టి ఛాతీ నొక్కిందట. అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం పోయింది. సోమవారం తోటి విద్యార్థులు చెబితే విన్నాను. ప్రార్థన సమయంలో రెండు నిమిషాలు మౌనం పాటింపజేశాను. వరుసలు తిన్నగా ఉన్నాయో లేదో ఆ రెండు నిమిషాల్లో కూడా చూసుకున్నానని ఒప్పుకోవాలి.

ఆ వారంలోనే శబ్దం మొదలైంది.

మధ్యాహ్నం రెండు గంటలకు నాకు తరగతి ఉండదు. స్టోరు గది గోడ పక్కనే నా బల్ల. గోడ అవతల టిక్, టిక్ అని వినిపించేది. మొదట పైకప్పు రేకులు ఎండకు వ్యాకోచిస్తున్నాయనుకున్నాను. కానీ లెక్కపెట్టడం నాకు వృత్తి వల్ల వచ్చిన అలవాటు. ముప్పై లెక్కకు వచ్చాక ఆగేది. రెండు ఊపిరులంత విరామం. మళ్లీ ముప్పై. నా గడియారం పెట్టి చూశాను. నిమిషానికి నూరు, నూట ఇరవై మధ్య, ఎంత ఉండాలో అంతే ఉంది.

యాకూబ్‌ను పిలిచాను. అతనూ విన్నాడు. స్టోరు తలుపు తీయగానే శబ్దం ఆగింది. లోపల వాలీబాల్ వలలు, డంబెల్సు, తాళం వేసిన బీరువా. ఎలుక కూడా లేదు. అలా పది పన్నెండు రోజులు జరిగింది. ఆ రోజులన్నిటికీ హాజరు పట్టీ తీసి చూశాను. మంజుల ఒక్క రోజు కూడా కళాశాలకు రాలేదు. తండ్రి కర్మలలో ఇంటి దగ్గరే ఉంది.

కమిటీకి ముందు రోజు పగటిపూట, యాకూబ్ సమక్షంలో బీరువా తెరిచాను. కవరు మీది పట్టీ చిరగలేదు. నా సంతకం గీత ఎక్కడా తెగలేదు. పట్టీ కోసి కవరు తొలగించాను.

బొమ్మ ఛాతీ అరిగిపోయి ఉంది. పాల రంగు రబ్బరు మధ్యలో నల్లబడి, చేతుల చెమట తాకి తాకి తేలిన నునుపుతో మెరుస్తున్నది. అరచేతి మొదలు ఆనే చోట చిన్న గుంట పడింది. నా చేయి అందులో పెడితే ఇమడలేదు. అది నా చేతి కంటే చిన్న చేతి గుర్తు. నొక్కి చూశాను. స్ప్రింగు వదులైపోయి, టిక్కుమన్న శబ్దమే రాలేదు.

యాకూబ్ దాన్ని చూసి, "ఇది మస్తుగ వాడిన బొమ్మ సార్. ఎవలు వాడిండ్రో ఆ అల్లాకే ఎరుక," అన్నాడు.

పాత సరుకు అంటగట్టారనడానికి వీల్లేదు. వచ్చిన రోజు నేనే నొక్కాను, మచ్చ లేని రబ్బరును నా కళ్లతో చూశాను.

మరునాడు కమిటీ వచ్చింది. నేను తల దించుకుని నిలబడ్డాను. వారిలో ఒక పెద్దావిడ బొమ్మ మీద చేయి వేసి నా వైపు తిరిగింది. "చాలా కాలేజీల్లో కవరు కూడా విప్పరండీ. మీ దగ్గర పిల్లల చేతులు పడి అరిగిపోయింది. శిక్షణంటే ఇదీ."

నిజం చెప్పడానికి అది సమయం. నేను చెప్పలేదు. ప్రయోగ శిక్షణ ఉత్తమమని వారు రాసిన కాగితం కింద నేను కూడా సంతకం చేశాను. ఆ బలంతోనే విద్యార్థులందరికీ ప్రథమ చికిత్సలో నైపుణ్యం సాధించినట్లు సర్టిఫికెట్లు ఇచ్చాం.

మంజుల తన సర్టిఫికెట్ కోసం వచ్చింది. చేతిలోకి తీసుకోవడానికి వెనుకాడింది.

"బొమ్మ గీసిన సార్, లోతు రాసిన. చేతులకే తెల్వలె. ఎముక ఇరుగుతదేమోనని మెల్లగ నొక్కిన."

దానికి నేను ఇచ్చిన సమాధానం ఇది: "ఐదు సెంటీమీటర్లని నువ్వే రాశావు కదమ్మా." ఎందుకు అలా అన్నానో నాకు తెలుసు. ఆ మాట అనకపోతే నా తప్పు ఒప్పుకోవలసి వచ్చేది. ఆమె అవునన్నట్లు తలూపి, కాగితం తీసుకుని వెళ్లిపోయింది.

ఆ కాగితం ఆమెకు చేసిన కీడు నాకు తర్వాత తెలిసింది. ఆమె మేనమామ దాన్ని చదివించుకుని, దొరసాని చదువు కన్నతండ్రికి పనికిరాలేదని అనడం మొదలుపెట్టాడట. తల్లి కూడా ఆమెతో సరిగా మాట్లాడటం లేదట. ఇదంతా తెలిసి కూడా పదవీ విరమణ అయ్యేదాకా నేను కదలలేదు.

చివరకు యాకూబ్ బండి మీద ఆ తండాకు వెళ్లాను. మంజుల, ఆమె తల్లి, మేనమామ, ఇరుగుపొరుగు నలుగురు కూర్చున్నారు. ఆ అమ్మాయికి మేము ఏమీ నేర్పలేదనీ, అడిగినా నేనే నిరాకరించాననీ చెప్పాను. మేనమామ లోపలికి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చాడు.

"ఈ సంతకం ఎవలది సార్?"

"నాదే."

"ఇది అబద్ధమా?"

"అబద్ధమే."

తల్లి మొదటిసారి కూతురి వైపు చూసింది. ఆ చూపు మెత్తబడటం నేను గమనించాను. వచ్చిన పని నెరవేరిందనుకున్నాను. అక్కడితో లేచి రావలసింది. కానీ మంజుల, ఇప్పుడైనా చూపించమని అడిగింది. ఈ నాలుగోసారి కాదనలేకపోయాను. ఒక దుప్పటిని గట్టిగా చుట్టించి నేల మీద పెట్టి, చేతులు ఎక్కడ ఆనించాలో మాత్రం చెప్పాను.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని నొక్కింది. నా ఉద్యోగ జీవితంలో ఎందరినో చూశాను. తొలిసారి నొక్కేవారి మోచేతులు వంగుతాయి, లెక్క తప్పుతుంది, నిమిషంలో అలసట వస్తుంది. ఆమె చేతులు కర్రల్లా నిలిచాయి. లోతు మారలేదు. ముప్పై దగ్గర తనంతట తానే ఆగి, రెండు ఊపిరుల విరామం ఇచ్చి, మళ్లీ మొదలుపెట్టింది. నేను ఇంకా లెక్క చెప్పనే లేదు. అది వేలసార్లు ఆ పని చేసిన చేయి.

ఆమె ఆగి నా వైపు చూసింది. ముఖంలో భయం తప్ప ఏమీ లేదు. "నాకు రాదు సార్. ఎన్నడు జెయ్యలె," అంది.

మేనమామ లేచి నిలబడ్డాడు.

"ఇంత మంచిగ వచ్చినామె ఆ దినం ఎందుకు జెయ్యలె? సార్ మంచోడు, పిల్లను కాయనీకె వచ్చి అబద్ధం జెప్పిండు."

తల్లి లోపలికి వెళ్లిపోయింది. నేను ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. సర్టిఫికెట్ నిజమైంది, నేను అబద్ధమయ్యాను. యాకూబ్ నన్ను బండి ఎక్కించుకుని వచ్చాడు.

ఆ బొమ్మను ఎవరు నొక్కారో, ఆ నేర్పు ఆమె చేతికి ఎలా వచ్చిందో, వచ్చినది అవసరమైన ఆదివారానికి ముందే ఎందుకు రాలేదో నాకు తెలియదు. తెలిసినట్లు నటించను.

నాకు తెలిసింది ఒక్కటే. తండ్రి పడిపోయిన ఆ ఉదయం నాటికి మంజుల చేయి ఆ బొమ్మను ఒక్కసారి కూడా తాకలేదు. తాకనివ్వనిది నేను. దీన్ని నా సంతకంతో సమానంగా ఆ ఇంటివారు పరిగణించాలని ప్రార్థిస్తున్నాను. ప్రథమ చికిత్స వివరాల్లో పొరపాట్లుంటే వైద్యులు, తాళం, సీలు విషయంలో నేను గమనించనిది ఏదైనా ఉంటే తెలిసినవారు నాకు తెలియజేయండి. ఈ ఒక్క సంగతి తప్ప, పైన రాసినదానిలో ఎక్కడ తప్పు కనిపించినా దిద్దవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.