మాచర్ల నుంచి ఒళ్ళో పెట్టుకొచ్చిన ఇసుక నెమలి

ఇది రాయకపోతే ఎవరికీ పోయేదేమీ లేదని రెండుసార్లు కలం మూసేశాను. ఇందులో గుడీ గోపురం ఏమీ లేవు, నేను చేసిన ఓ వెధవ పని తప్ప. అయినా ఆ వైపు వెళ్ళి, ఎవరైనా చేత్తో చేసిన వస్తువు తెచ్చుకోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుందేమోనని మొదలుపెట్టాను. ఎనభైల మొదట్లో నేను నరసరావుపేటలో రేడియోలు బాగుచేసేవాణ్ణి. పక్కనే శెట్టిగారి ఫ్యాన్సీ షాపు. రేడియో బాగుచేయించుకోవడానికొచ్చిన మాచర్ల మస్తాన్, తాను గాజుసీసాల్లో రంగు ఇసుకతో బొమ్మలు పోస్తానని చెబితే, ఆ మాట నేనే శెట్టిగారి చెవిన వేశాను. "ఒకటి పట్రావయ్యా. పెళ్ళి కానుకలకు బాగుంటే, అతను చేసినన్నీ నేనే తీసుకుంటా," అన్నాడాయన.

పొద్దున ఆరింటి బస్సెక్కాను. పిడుగురాళ్ళ, గురజాల మీదుగా నాలుగు గంటల ప్రయాణం, ఛార్జీ పది రూపాయల లోపే. ఎండాకాలం వెళ్ళకండి. రెంటచింతలలో బస్సాగితే, కిటికీ కడ్డీ పట్టుకుని, చురుక్కుమంటే చెయ్యి విదిలించుకున్నాను. పక్కనున్న ముసలాయన నవ్వాడు. "ఇదేం ఎండయ్యా! మా ఊళ్ళో మధ్యాహ్నం పూట దొంగలు కూడా పనికి పోరు," అన్నాడు. ఆయన మాటలు వింటుంటే మాచర్ల వచ్చిందే తెలియలేదు. మాటలు వింటూ పని మర్చిపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మస్తాన్ బండలు కోసే మిల్లులో కూలీ. ఆ దుమ్ముకి దగ్గు పట్టుకుంది. దగ్గుమందు తాగేసిన తెల్లగాజు సీసాల్లోనే బొమ్మలు పోసేవాడు. "సీసాలకేం కొదవ లేదన్నా, దగ్గు ఉన్నంతకాలం," అన్నాడు నవ్వుతూ. పక్కన అతని భార్య బీబీజాన్ నవ్వలేదు. "శెట్టిగారు ఒప్పుకుంటే మిల్లు మాన్పిస్తానన్నా. ఈ దగ్గుతో రాత్రిళ్ళు కూర్చునే ఉంటాడు," అంది.

చంద్రవంక వాగు ఇసుక కడిగి, ఎండబెట్టి, చీర గుడ్డలో జల్లించి రంగులు పట్టిస్తాడు. బూడిద రంగుకి మాత్రం బండల పొడే. సన్న గొట్టంతో అద్దం వెంబడి చిటికెడు చిటికెడు పోస్తూ, సైకిలు పుల్లతో పొడిచి ఆ రంగుని కిందికి లాగితే, నెమలి ఈక తేలుతుంది. బొమ్మంతా అద్దాన్ని ఆనుకునే ఉంటుంది, నడుమంతా మామూలు ఇసుకే. నాలుగు గంటలు పట్టింది. నెమలి మెడ నీలాన్ని వంగి వంగి చూశాను. ఊరుకోలేని నోరు నాది, మస్తాన్‌ని పొగుడుతూనే ఉన్నాను.

మూడున్నరకు నరసరావుపేట బస్సుంది. సీసా అందుకోబోతే మస్తాన్ వెనక్కి తీసుకున్నాడు.

"రేపు పొద్దున పోదువులే అన్నా. ఇసక ఇంకా కూర్చోలేదు. రాత్రికి వేలిమందం దిగుద్ది. ఆ ఖాళీలో మళ్ళీ కూరి, గట్టిగా దిమ్మిస్తేగానీ మూతికి లక్క పొయ్యకూడదు."

"మంచం వేస్తాం, ఉండన్నా," అంది బీబీజాన్.

నాకు నా మంచం మీద తప్ప నిద్రపట్టదనే పిచ్చి ఒకటుండేది. "ఒళ్ళో పెట్టుకుపోతా, కదిలితే నన్నడుగు. లక్క పోసేయ్," అన్నాను. అతను ఇంకో రెండుసార్లు వద్దన్నాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషితో మూడోసారి వాదించలేక పోశాడు.

తిరుగు బస్సు కారంపూడి మీదుగా పోయేది. దూరం తక్కువ, గుంతలెక్కువ. కండక్టరు టిక్కెట్టు చించుతూ, ఒళ్ళో గుడ్డ చుట్టిన సీసా చూసి, "ఏంది మాస్టారూ, తేనా?" అన్నాడు.

"ఇసుక."

"చానా బాగుంది! ఇసకని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాణ్ణి ఇప్పుడే చూస్తన్నా," అని బస్సంతా వినేట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. కారంపూడి దాటాక గుడ్డ విప్పి చూస్తే, లక్క కింద వేలిమందం ఖాళీ. మెడ నీలం తోకలోకి జారింది. నరసరావుపేటలో దిగేసరికి నెమలి లేదు, బురద రంగు చారలున్నాయి.

శెట్టిగారు సీసా వెలుగుకి పట్టి చూశాడు. "ఇదేందయ్యా, నెమలంటివి? పనితనం లేదు," అన్నాడు. తొందర నాది, అతనిది తప్పు లేదు అని ఒక్క మాట అంటే చాలు, ఇంకోటి తెమ్మనేవాడు. అవతల నలుగురు బేరగాళ్ళున్నారు. నవ్వుతారని ఊరుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఏడాది పోయింది.

ఊరు చూడబోయినవాడు తన టైముకి పని జరగాలనుకుంటాడు. ఇసుక నా టైముకి కూర్చోదని ఆ మనిషి చెబుతూనే ఉన్నాడు. అన్నీ మాట్లాడే నేను, మాట్లాడాల్సిన చోట నోరు మూసుకున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. అలాంటి సీసా కొంటే, దాన్ని తలకిందులు చేసి చూపించమని చేసినవాణ్ణే అడగండి. అతను వెనకాడితే ఇసుక ఇంకా కూర్చోలేదన్నమాట, ఆ రాత్రి అక్కడే ఉండిపోండి.

మరుసటి వేసవిలో వేరే పని మీద మాచర్ల వెళ్ళి మిల్లు దగ్గర మస్తాన్‌ని కలిశాను. కనుబొమల దాకా దుమ్ము. టీ తెప్పించాడు.

"శెట్టిగారు ఏమన్నాడన్నా?"

"ఆయన ఆ సరుకు మానేశాడు," అన్నాను.

"సరేలే అన్నా, మనకి రాసిపెట్టి లేదు," అన్నాడు. టీ అయ్యాక గ్లాసులు తనే కడిగి పెట్టి, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని మిషను దగ్గరికి పోయాడు.