పోలికలు చూశాను, పోలు చూడలేదు

నా తెలివి గురించి మా ఆవిడ చెప్పేవన్నీ నిజాలు కావు గానీ, ఇది మాత్రం నిజం. రామచంద్రపురంలో ఓ కాలేజీ కంప్యూటర్లు చూసుకునే నేను, రెండు కంపెనీల దగ్గర రెండు ఇంటర్నెట్ లైన్లు తీసుకుని, రెండూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తున్నాయని చూసుకోలేదు. రోజూ ఆ స్తంభానికే స్కూటరు ఆనించి టీ తాగేవాణ్ణి.

అప్పుడే మా కాలేజీకి ఆన్‌లైన్ పరీక్షల కేంద్రం ఇచ్చారు. సర్వరేమో చెన్నైలో. మధ్యలో లైను ఆగిందా, కేంద్రం పోతుంది, మా పిల్లలు పరీక్షకి కాకినాడ బస్సెక్కాలి. అందుకని ఎస్‌డీ-వ్యాన్ పెడదామన్నాను.

"డ్రైవర్ని కూడా వాళ్లే ఇస్తారాండీ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అది బండి కాదండీ, ఒక లైను పోతే పనిని రెండో లైనుకి మళ్లించే సాఫ్ట్‌వేర్ అని చెప్పి, అమ్మడానికొచ్చిన పెద్దమనిషిని కూర్చోబెట్టాను. ఆయన చెప్పిన మూడు పద్ధతుల్నీ నేను మాస్టార్ల భాషలోకి దించాను. ఒకదాంట్లో, ఒక మాస్టారు పాఠం చెబుతుంటే రెండో ఆయన స్టాఫ్‌రూమ్‌లో కునుకు తీస్తాడు. మొదటాయన పడిపోయాకే లేస్తాడు. ఇంకోదాంట్లో ఇద్దరికీ క్లాసులుంటాయి. గొంతు బొంగురుపోయినాయన క్లాసు రెండో ఆయనకి మారుస్తారు. మూడోదాంట్లో ఇద్దరూ ఒకే పాఠం ఒకేసారి చెబుతారు, ఏ గొంతు వినపడితే అదే. వారం రోజులు పట్టికలు గీసి, పోలికలు రాసి, మూడోదే ఖాయం చేశాను. "ఇంక లైను ఆగితే నన్నడగండి" అని కూడా అన్నాను.

అడిగారు. పరీక్ష రోజు పొద్దున్నే కాలవగట్టు మీద కొబ్బరి దింపు తీస్తున్నాయన గెల వదిలితే, అది తిన్నగా తీగల మీద పడింది. స్తంభం ఒరిగింది. పరీక్ష స్తంభించింది.

"ఇద్దరు మాస్టార్లూ ఒకేసారి పడుకున్నారేంటండీ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే నొచ్చుకున్నాడు. "మా సాఫ్ట్‌వేర్‌ని ఏమీ అనకండి. రెండూ పోయాయని సెకన్‌లో కనిపెట్టింది కదండీ!"

కేంద్రం పోయింది. బస్టాండులో పిల్లలు నన్ను చూసి, "మీరూ రండి సార్, రెండు బస్సులున్నాయి, ఒకటి ఆగితే ఇంకోటి!" అని పిలిచారు. రెండూ ఒకే రోడ్డు మీద వెళ్తాయిగా అని నేననలేదు. ఆ మాట అనే అర్హత నాకు పోయింది.

నెల తిరక్కుండా అమ్మినాయన మళ్లీ దిగాడు. వేరే కాలేజీలకి చూపించుకోవాలట, మెచ్చుకుంటూ ఓ ఉత్తరం కావాలట. కాదంటే బాగుండదు కదా. కాలేజీ కాయితం మీద ఒకే ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టిచ్చాను: "వీరి చేతికిచ్చిన లైనుకు తిరుగులేదు."

ఆయన కళ్లకద్దుకుని తీసుకెళ్లాడు. ఇప్పుడది ఆయన కరపత్రం మీద పెద్దక్షరాల్లో ఉంది. పోయిన లైను తిరిగి రాదని రాశానని ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.